తాళం తిప్పినా ఆగని పెట్రోలు

1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఆటో ప్రదర్శనకు వచ్చిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది రెక్కల్లా పైకి లేచే తలుపులే. నాకు మాత్రం బానెట్ కింద ఉన్నదే ముచ్చట. ఆ ఇంజిన్‌కి కార్బురేటర్ లేదు.

కార్బురేటర్‌లో ఇంజిన్ పీల్చే గాలి ఊపుకి సన్నటి రంధ్రంలోంచి పెట్రోలు వచ్చి కలుస్తుంది. విమానంలో ఇదే తంటా. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ ఒక్కసారిగా ముక్కు కిందికి దించితే పెట్రోలు పైకి ఎగిసి ఇంజిన్ కాసేపు ఆగిపోయేది. శత్రువైన జర్మనీ విమానం మెసర్‌ష్మిట్ 109కి ఆ బాధ లేదు, పంపు నేరుగా సిలిండర్లోకే పెట్రోలు కొట్టేది.

ఆ పద్ధతే కారులోకి దిగింది. గుట్‌బ్రోడ్, గోలియత్ అనే చిన్న టూ స్ట్రోక్ కార్లలో ముందే వచ్చినా, పేరు మాత్రం 300 ఎస్ఎల్‌కే దక్కింది. ఆరు సిలిండర్లకు పంపులో ఆరు బుల్లి పిస్టన్లు. మన పాత లారీల డీజిల్ పంపుకి ఇది తోబుట్టువే. కాకపోతే డీజిల్‌కి ఉన్న జిడ్డు పెట్రోలుకి లేదు కాబట్టి పంపుకి ఇంజిన్ ఆయిల్ అందించాలి. దీని ముందుతరం, 1952 నాటి కార్బురేటర్ రేసు కారు 170 చిల్లర హార్స్‌పవర్ ఇస్తే, ఇది 215 ఇచ్చింది.

చిక్కు ఎక్కడంటే, తాళం తిప్పితే స్పార్క్ ఆగుతుంది, పంపు ఆగదు. దాన్ని తిప్పేది ఇంజినే కదా! ఇంజిన్ పూర్తిగా ఆగేలోపు ఇంకో నాలుగు చుట్లు తిరిగితే అంతసేపూ పెట్రోలు పడుతూనే ఉంటుంది. మండని ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి, పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్‌ని పల్చన చేస్తుంది. రేసులో ఆయిల్ బాగా కాగుతుంది కాబట్టి అది ఆవిరైపోయేది. ఊళ్లో నాలుగడుగులు తిరిగొచ్చే షోకిలా యజమానికి మాత్రం మాటిమాటికీ ఆయిల్ మార్చక తప్పేది కాదు.

తర్వాత చాలామంది పెట్రోలుని సిలిండర్లోకి కాకుండా, గాలి లోపలికి వెళ్లే దారిలోనే కొట్టించారు. 1957లో షెవ్రొలే కార్వెట్, 1967లో ట్రయంఫ్ టీఆర్5 అలాంటివే. 1969 మోడల్ పోర్షే 911 ఈ, 911 ఎస్ కార్లలో ఎంత పెట్రోలు కొట్టాలో తేల్చేది ఎగుడుదిగుడుగా చెక్కిన ఒక ఇనప ముక్క. యాక్సిలరేటర్ తొక్కితే అది తిరుగుతుంది, ఇంజిన్ వేగం పెరిగితే ముందుకు జరుగుతుంది. దాని మీద ఆనుకున్న చిన్న చక్రం ఎత్తుకి ఎక్కిందా, పల్లానికి దిగిందా అన్నదే లెక్క. ఇంజిన్ రకం మారితే ఆ ముక్కనీ మార్చాల్సిందే. 911 ఈకి ఒకటి, 911 ఎస్‌కి ఇంకొకటి.