గార్డు తీసిన గ్రైండరు, పిన్ను విరిచిన ప్లగ్గు: అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో డ్రిల్లింగ్ మిషన్లు, గ్రైండర్లు, మార్బుల్ కట్టర్లు రిపేరు చేయడం నా పని. వడ్రంగులు, టైల్స్ మేస్త్రీలు, వెల్డింగ్ షాపుల వాళ్ళు, రొయ్యల చెరువుల మీద పనిచేసే కుర్రాళ్ళు తెస్తుంటారు. మిషన్ విప్పకముందే నేను ప్లగ్గు, గార్డు (డిస్కును కప్పి ఉంచే ఇనుప కవరు) చూస్తాను. చాలావాటికి ప్లగ్గు ఉండదు, ఒట్టి వైరు కొసలుంటాయి. గార్డు ఇంట్లో ఉందంటారు. ఎందుకని అడిగితే చెప్పే జవాబులు ఏళ్ళ తరబడి అవే.

అపోహ: "ఎంసీబీ ఉందండి, షాక్ కొడితే అదే పడిపోతుంది."

పడదు. ఈ ఒక్క మాటైనా అందరికీ చేరాలని నా కోరిక. ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్చి, అది కాపాడేది వైరింగును. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించి లోడు ఎక్కాలి, లేదా షార్ట్ సర్క్యూట్ కావాలి. మనిషికి అంత అక్కర్లేదు. 10 మిల్లీఆంపియర్ల దగ్గరే చెయ్యి బిగుసుకుపోయి మిషన్ వదల్లేని స్థితి మొదలవుతుంది. 30 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం. 30 మిల్లీఆంపియర్లంటే 0.03 ఆంపియరు. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు.

కావాల్సింది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగి రాకపోతే ఆ తేడా పట్టుకుని, సెకనులో మూడో వంతు లోపే లైను ఆపేస్తుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి, పడకపోతే మార్పించండి. సైట్లకు తిరిగేవాళ్ళు ఆర్‌సీసీబీ బిగించిన బోర్డు ఒకటి చేయించుకుని వెంట తీసుకెళ్ళడం మంచిది. అయితే ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కూడా కాపాడలేదు.

అపోహ: "మనది తడి నేల, వేరే ఎర్త్ దేనికి?"

కోనసీమలో ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండె దడే. లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ గుంటకు తడి నేల మంచిదే, కానీ మిషన్ ఇనుప బాడీని ఆ గుంట దాకా కలిపే వైరు ఉండాలి. అది లేకపోతే లీకైన కరెంటుకు దారి మన ఒళ్ళే. వట్టి కాళ్ళతో గట్టు మీద నిలబడి, చెమట చేతులతో మిషన్ పట్టుకుంటే ఆ దారి ఇంకా సులువు. చెరువు దగ్గర ఉప్పునీళ్ళయితే మరీను. అరిగిన హవాయి చెప్పులు తడిస్తే వాటిని నమ్ముకోలేం.

ప్లగ్గుకున్న లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, వైరు కొసలు సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చడం రోజూ చూస్తాను. అన్నిటికంటే భయపడాల్సింది న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేయడం. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే, స్విచ్ వేయగానే మిషన్ బాడీకి ఫేజు వచ్చేస్తుంది.

చతురస్రంలో చతురస్రం గుర్తున్న మిషన్లకు మాత్రం ఎర్త్ అక్కర్లేదు. వాటికి డబుల్ ఇన్సులేషన్ ఉంటుంది, అందుకే రెండు పిన్నులతో వస్తాయి. అలాగని వాటిని వానలో వాడొచ్చని కాదు.

అపోహ: "వరదలో మునిగినా, ఎండబెడితే బాగైపోతుంది."

లంక గ్రామాల నుంచి ఏటా వరద తగ్గాక ఇలాంటివి వస్తాయి. నీళ్ళు ఆరతాయి గానీ ఒండ్రు మిగులుతుంది. కార్బన్ బ్రష్షుల దగ్గర, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) వైండింగులో అది పేరుకుంటుంది. మళ్ళీ చెమ్మ తగిలితే అదే కరెంటుకు దారి. మిషన్ తిరుగుతోంది కదా అని వాడకండి. విప్పించి, శుభ్రం చేయించి, పూర్తిగా ఆరాక లీకేజీ పట్టే మీటరైన 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూపించుకోండి.

అపోహ: "గార్డు తీస్తే పెద్ద డిస్కు పడుతుంది, పని తొందరగా అవుతుంది."

4 అంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. 7 అంగుళాల డిస్కు తట్టుకునేది 8,500 దాకానే. పగిలితే ముక్క నేరుగా ముఖానికే వస్తుంది. డిస్కు మధ్యలోని ఇనుప రింగు మీద గడువు నెల, సంవత్సరం ఉంటాయి, చూసి కొనండి. చెమ్మకు డిస్కులోని బంక బలం తగ్గుతుంది కాబట్టి మన వానాకాలంలో వాటిని నేల మీద వదలొద్దు. చెక్క కోసే పళ్ళ బ్లేడు గ్రైండరుకు అసలే బిగించకండి. కొబ్బరి దూలంలో పన్ను ఇరుక్కుంటే మిషన్ ఎగిరి మనిషి మీదికే వస్తుంది. కళ్ళకు కూలింగ్ గ్లాసులు చాలవు, పక్కలు కూడా మూసే సేఫ్టీ గ్లాసులు కావాలి. డ్రిల్లు దగ్గర గుడ్డ గ్లౌజులు, భుజం మీద తువ్వాలు వద్దు, చుట్టుకుంటాయి.

అపోహ: "కరెంటు పోతే మిషన్ ఆగినట్టే."

ఓ మధ్యాహ్నం కరెంటు పోతే స్విచ్చిని ఆన్‌లోనే పట్టి ఉంచే గ్రైండరు లాక్ బటన్ తీయకుండా బల్ల మీద వదిలి టీకి వెళ్ళాను. వచ్చేసరికి కరెంటు వచ్చి, అది కింద పడి గింగిరాలు తిరుగుతోంది. మా కుర్రాడి కాలికి జానెడు దూరం. అప్పటి నుంచి కరెంటు పోగానే ముందు ప్లగ్గు పీకుతాం.

అపోహ: "షాక్ కొట్టినవాడికి కాళ్ళూ చేతులూ రుద్దాలి."

ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు. పిలిస్తే పలక్కుండా, ఊపిరి లేకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో రెండు అంగుళాల లోతు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అలసిపోతే పక్కవాళ్ళు అందుకోవాలి. అంబులెన్సు వాళ్ళు వచ్చి చూసుకునేదాకా ఆపకూడదు.