నేలను చల్లబరిచే ముందు వేసే లెక్క
బ్యాంకాక్‌లో సువర్ణభూమి విమానాశ్రయం 2006లో మొదలైంది. అద్దాల గోడలు, ఎక్కడో పైన కప్పు, బయట ఏడాది పొడవునా ఉక్క. అంత హాల్లో గాలినంతా ఏసీతో చల్లబరచాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే అక్కడ నేలలోనే పైపులు పరిచి చల్లటి నీళ్లు తిప్పుతున్నారు. జనం తిరిగే ఎత్తు వరకు చల్లగా ఉంటే చాలు, కప్పు దగ్గర వేడిగా ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు.

కాంక్రీటు పోశాక పైపులు జరపలేం. కాబట్టి ముందే కంప్యూటర్లో నమూనా కట్టి లెక్క చూసుకోవాలి. మామూలు ఏసీ లెక్క ఇక్కడ పనికిరాదు. ఏసీ పని గాలిని చల్లబరచడం. చల్లని నేల మాత్రం మన ఒంటి నుంచి, గోడల నుంచి, కప్పు నుంచి వచ్చే వేడి కిరణాలను నేరుగా లాక్కుంటుంది. చల్లగాలి బరువు కనుక నేలను అంటిపెట్టుకునే ఉంటుంది, గదంతా తిరగదు. గదికీ నేలకీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 7 వాట్ల వేడి నేలలోకి పోతుందని డిజైనర్లు లెక్కేస్తారు. అందులో దాదాపు 5.5 వాట్లు కిరణాల వాటాయే.

గది 26 డిగ్రీలు, నేల 20 డిగ్రీలు అనుకుందాం. చదరపు మీటరుకు 42 వాట్లు. 12 చదరపు మీటర్ల పడకగదికి 500 వాట్లు. ఒక టన్ను ఏసీ బయటికి తీసే వేడి 3,500 వాట్లు, అంటే నేల తీసేది అందులో ఏడో వంతే. మరి నేలను ఇంకా చల్లబరిస్తే? 19 డిగ్రీల కంటే తగ్గితే పాదాలు జిల్లుమంటాయి, అక్కడితో ఆగాల్సిందే. కానీ ఎండ నేరుగా నేల మీద పడే చోట కథే వేరు. ఆ వేడి గాలిలో కలవకముందే పైపుల్లోకి పోతుంది, చదరపు మీటరుకు 100 వాట్లు కూడా లాగవచ్చు. విమానాశ్రయాల్లో ఈ పద్ధతి అంత బాగా నడవడానికి కారణం ఇదే. ఎండ వేడి ముందు గాలిలోకి వచ్చి, తర్వాతే బయటకు పోతుందని రాసిన నమూనా ఇలాంటి హాలు విషయంలో పూర్తిగా దారి తప్పుతుంది.

ఇది మనకు దూరపు సంగతేం కాదు. హైదరాబాద్ పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒకే భవనంలో సగానికి మామూలు ఏసీ, సగానికి కాంక్రీటు స్లాబుల్లో నీటి పైపులు పెట్టారు. రెండు వైపులా మీటర్లు పెట్టి చూస్తే, పైపుల సగం చల్లదనం కోసం వాడిన కరెంటు మూడో వంతు తక్కువ. కాగితం మీద లెక్కకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి!

అయితే వేసవిలో పొడిగా ఉండే హైదరాబాద్ వేరు, సముద్రం ఒడ్డున ఉన్న విశాఖ వేరు. గాలి 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే 25 డిగ్రీలు, అంతకంటే చల్లగా ఉన్న దేని మీదైనా గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారుతుంది. 20 డిగ్రీల నేల మీద చెమ్మ చేరి కాలు జారుతుంది. నా దృష్టిలో నమూనాలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఈ తేమనే. కిటికీలు మూసి ఉన్నట్టు మాత్రమే లెక్కేసి వదిలేయకూడదు. మన ఇళ్లలో తలుపులు ఎంతసేపని మూసుంటాయి?

కిటికీ తెరవగానే వాల్వు కట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ సరిపోదు. 10 సెంటీమీటర్ల కాంక్రీటు గుండా వేడి మార్పు దాటడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. నీళ్లు ఆపినా నేల చల్లగానే ఉంటుంది, లోపలికొచ్చిన తేమ దాని మీద చేరుతూనే ఉంటుంది. అందుకే గాలిలో తేమ తీసే యంత్రం విడిగా ఉండాలి, చల్లటి నీళ్లు వదలకముందే అది తిరగాలి. ఎంత ముందు తిరగాలన్నది వాన రోజుల వాతావరణం గంట గంటకూ నమూనాకు ఇచ్చి చూస్తేనే తేలుతుంది.