ఎర్రగడ్డ నుంచి పీహెచ్‌సీ దాకా: మానసిక వైద్యం ఆగిపోయిన చోటు

మాచర్ల వైపు ఊళ్లలో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్న మనిషికి నెల మందులు తేవాలంటే ఇంట్లో ఒకరు ఆ రోజు కూలి మానుకుని గుంటూరు పెద్దాసుపత్రికి రావాలి. వంద కిలోమీటర్ల పైమాటే. ఓపీ చీటీకి ఒక వరుస, డాక్టరు గది ముందు ఒకటి, మందుల కౌంటర్ దగ్గర మరొకటి. మిరప కోతలు మొదలైతే ఆ నెల ప్రయాణం వాయిదా పడుతుంది. మాత్రలు ఆపిన మర్నాడే ఏమీ కాదు, ముప్పంతా అక్కడే ఉంది. నయమైపోయిందనుకుంటారు. కొన్ని వారాలకో నెలలకో నిద్ర తగ్గుతుంది, తనలో తను మాట్లాడుకోవడం, అన్నంలో ఏదో కలిపారన్న అనుమానం మొదలవుతాయి. చివరికి వార్డులో చేర్చాల్సి వస్తుంది.

ఒకప్పుడు ఈ దూరం ఇంకా ఎక్కువ. 1912 నాటి చట్టం కింద మనిషిని పిచ్చాసుపత్రిలో చేర్చడానికి సాధారణంగా మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావలసి వచ్చేది. 1987లో వచ్చి 1993లో అమలైన చట్టం భాషను మార్చింది గానీ, ఆ ఉత్తర్వుల పద్ధతిని పూర్తిగా వదల్లేదు. గుంటూరు, బెజవాడ వాళ్లకు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అంటే హైదరాబాద్ ఎర్రగడ్డ, కాదంటే విశాఖ. 2014 విభజనలో ఎర్రగడ్డ తెలంగాణకు వెళ్లింది.

ఆసుపత్రిలో మంచాలు పెంచడం కన్నా ఊళ్లో వైద్యం పెంచాలన్న ఆలోచన మాత్రం పాతదే. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. ఆ తర్వాత బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మామూలు డాక్టరే మూర్ఛను, సైకోసిస్‌ను (భ్రమలు, అకారణ అనుమానాలతో వాస్తవం తెలియని స్థితి) గుర్తించి మందులు రాయగలడని చూపించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో ప్రారంభించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైంది మెదక్. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గరి ఆశ్రయ గృహంలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయాక సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. వైద్యం అందని కుటుంబాలు తమవాళ్లను ఎక్కడికి తీసుకెళ్తున్నాయో దేశమంతా చూసింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. గొలుసులతో కట్టేయడం, మత్తు ఇవ్వకుండా చేసే కరెంటు షాక్ చికిత్స నిషిద్ధమయ్యాయి. అయినా మా దృష్టిలో అందులో అన్నిటికంటే రోగి కుటుంబానికి ఎక్కువ పనికొచ్చేది 18వ సెక్షన్. అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక వ్యాధుల మందులన్నీ పీహెచ్‌సీకి పై మెట్టు అయిన సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో, అన్నివేళలా, ఉచితంగా దొరకాలని అది చెబుతుంది. చిక్కూ అక్కడే ఉంది. ఉచిత మందుల హామీ సామాజిక ఆరోగ్య కేంద్రం దగ్గరే ఆగిపోయింది. పీహెచ్‌సీ దాని పరిధిలో లేదు. బళ్లారిలో పని మొదలుపెట్టింది మాత్రం సరిగ్గా అక్కడే.

2022 ఏప్రిల్‌లో పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం లెక్క జిల్లాకొకటి. కానీ కొత్త జిల్లా బోర్డు పెట్టినంత తేలిగ్గా సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ దొరకరు. పల్నాడు, బాపట్ల వాళ్లలో చాలామందికి పెద్దాసుపత్రి అంటే ఇప్పటికీ గుంటూరు జీజీహెచ్చే.

దగ్గర్లో వైద్యం ఎందుకు కావాలో లిథియంను చూస్తే తెలుస్తుంది. అతి ఉత్సాహం, తీవ్రమైన కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బులో ఇది చాలా మంచి మందు, కానీ రక్తంలో దాని మోతాదు లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. మోతాదు మార్చిన 5 నుంచి 7 రోజులకు, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. పొద్దున మాత్ర వేసుకుని ఓపీకి వస్తే ఫలితం ఎక్కువగా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గినా, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేసినా, కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్ వాడినా లిథియం పెరుగుతుంది. చేతుల వణుకు ఎక్కువవడం, వాంతులు, విరేచనాలు, తూలుతూ నడవడం, మాట తడబడటం కనిపిస్తే తరువాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతి తెలిసిన ఏఎన్ఎం ఊళ్లో ఉంటే ప్రాణం నిలబడుతుంది. ఆరునెలలకోసారి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), థైరాయిడ్ పరీక్ష గుర్తుచేయడం కూడా ఆమెతోనే అవుతుంది.

2022 అక్టోబర్ 10న టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ వచ్చింది. 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. భయంతో, ఆత్మహత్య ఆలోచనలతో నలిగిపోయేవాళ్లకు అది నిజమైన ఆసరా. ఫోన్ మాటకు మాట ఇస్తుంది గానీ, మాత్ర చేతిలో పెట్టలేదు.

అందుకే పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో మందు పేరు, మోతాదు, చివరి రక్తపరీక్ష తేదీ, ఫలితం స్పష్టంగా రాసివ్వాలి. దాన్ని చూసి సామాజిక ఆరోగ్య కేంద్రం ఫార్మసిస్టు నెల మందు ఇవ్వగలగాలి. లేదంటే 18వ సెక్షన్ చూపించి అడిగే హక్కు కుటుంబానికి ఉంది. రిస్పెరిడోన్, ఒలాంజపైన్, ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి మానసిక వైద్యంలో వాడే మాత్రలను పీహెచ్‌సీ ఇండెంట్‌లో (తెప్పించుకునే మందుల జాబితాలో) చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రాష్ట్ర ఆరోగ్య శాఖ అనుకుంటే చాలు.