చెస్టర్‌ఫీల్డ్ వంకర శిఖరం: అపోహలు - వాస్తవాలు

పాత చెక్క కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఆ మాట చెప్పగానే ఇంగ్లండ్‌లో సగం మంది అడిగేది ఒకటే: డెర్బీషైర్‌లో చెస్టర్‌ఫీల్డ్ సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ చర్చి శిఖరం ఎందుకు మెలితిరిగింది? 228 అడుగుల ఎత్తున్న ఆ కొస దాదాపు 45 డిగ్రీలు మెలి తిరిగి, తొమ్మిదిన్నర అడుగులు పక్కకి వాలి ఉంటుంది.

అపోహ: దెయ్యం పని.
దగ్గర్లోని బోల్సోవర్ ఊరి కమ్మరి దెయ్యానికి నాడా కొడుతూ మేకు కాలి మాంసంలో దించాడట. ఆ నొప్పికి అది ఎగిరి శిఖరాన్ని తన్నిందట. ఇంకో కథలో కన్య అయిన పెళ్లికూతురిని చూసి శిఖరమే ఆశ్చర్యంతో తిరిగి చూసిందంటారు. ఈ హాస్యాన్ని ఆ ఊరి ఆడవాళ్లు ఇంకా ఎలా భరిస్తున్నారో!

అపోహ: పచ్చి చెక్క వాడటమే తప్పు.
గైడ్‌లూ చెప్పే మాటే ఇది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మధ్యయుగపు వడ్రంగులంతా ఓక్‌ను పచ్చిగానే చెక్కేవారు. ఆరిన ఓక్ ఉలికి లొంగదు, పైగా అంగుళం మందం ఆరడానికి దాదాపు ఏడాది పడుతుంది. పెద్ద దూలాలు ఆరేదాకా ఎవరు కూర్చుంటారు? పచ్చి చెక్క ఆరుతూ మెలి తిరుగుతుందని వాళ్లకీ తెలుసు. ఆ మెలిని ఆపేవి ఐమూలగా బిగించే బద్దలు. 1362 ప్రాంతంలో లేచిన ఈ శిఖరంలో అవి చాలినన్ని లేవు. దానికి తోడు సుమారు 33 టన్నుల సీసం రేకులు. ఎండ పడే దక్షిణం వైపు సీసం ఎక్కువ వ్యాకోచిస్తుంది, చెక్క మీద ఒత్తిడి ఒక పక్కకే పెరుగుతుంది. ఏటవాలు గళ్లుగా పరిచిన ఆ రేకుల వల్ల ఎనిమిది పలకల శిఖరం పదహారు పలకలున్నట్టు కనిపిస్తుంది, మెలి కంటికి ఇంకా ఎక్కువగా తోస్తుంది.

1349లో ఇక్కడికి వచ్చిన ప్లేగులో నేర్పరులైన పనివాళ్లు పోయారు కాబట్టే ఇలా కట్టారన్నది నమ్మదగ్గ ఊహే. ఊహ మాత్రమే.

అపోహ: ప్రపంచంలో ఇదొక్కటే.
కాదు. ఫ్రాన్స్‌లో మెలితిరిగిన శిఖరాలు చాలానే ఉన్నాయి.

అపోహ: ఇది ఆంగ్లికన్లు కట్టిన కథీడ్రల్.
రెండూ తప్పే. కట్టినప్పుడు ఇంగ్లండ్ పోప్ కిందే ఉంది, ఎనిమిదో హెన్రీ రాజు పోప్‌తో తెగతెంపులు చేసుకుని ఇంగ్లండ్ చర్చిని (ఆంగ్లికన్లది) వేరుచేసింది 1534లో. ఇక బిషప్ పీఠం ఉంటేనే కథీడ్రల్, మన డోర్నకల్‌లో ఉన్నట్టు. చెస్టర్‌ఫీల్డ్‌ది ఎంత పెద్దదైనా పారిష్ చర్చే, అంటే ఆ ఊరి చర్చే. దాని బిషప్ పీఠం డెర్బీలో ఉంది.

అపోహ: నేడో రేపో కూలుతుంది.
1961 డిసెంబరు 22న ఉత్తరపు రెక్కలో మంటలు లేచి, 1756లో స్నెట్జ్‌లర్ అనే నిపుణుడు చేసిన ఆర్గన్ వాద్యం బూడిదైంది. శిఖరం మాత్రం ఆ వంకరతోనే నిలబడింది.