బీప్ అంటే బతికున్నట్టే

స్విచ్ వేసినా తెర మీద ఏమీ కనబడకపోతే ‘పోయింది’ అని అటక ఎక్కించేస్తారు. 1983లో రేడియో షాక్ అమ్మిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 విషయంలో ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటే. జపాన్‌లోని క్యోసెరా తయారుచేసిన, ఒళ్లో పెట్టుకుని వాడే ఈ చిన్న కంప్యూటర్‌లో 80సీ85 ప్రాసెసర్, వరుసకు 40 అక్షరాల చొప్పున 8 వరుసల తెర ఉంటాయి. నాలుగు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది. లోపలి చిప్పులు గట్టివి. దాన్ని మూలన పడేసేది ఎక్కువగా లోపల కారే ద్రవాలే.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు యంత్రాన్ని బోర్లించి చూడండి. అడుగున మెమరీ పవర్ అని ఓ చిన్న స్విచ్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే కొత్త సెల్స్ వేసినా యంత్రం ఉలకదు పలకదు. తర్వాత పక్కనున్న కాంట్రాస్ట్ చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఇక అడాప్టర్ సంగతి. దీనికి కావలసింది 6 వోల్టుల డీసీ, ప్లగ్గులో మధ్య భాగం మైనస్. ఇవాళ బజార్లో దొరికేవాటిలో చాలావాటికి మధ్య ప్లస్సే ఉంటుంది, చేతికందింది గుచ్చేయకండి. పరీక్షలన్నీ సెల్స్‌తో చేసుకోవడమే మేలు.

ఇప్పుడు అసలు కిటుకు. కంట్రోల్, పాజ్-బ్రేక్ మీటలు నొక్కిపట్టి వెనకనున్న రీసెట్ నొక్కండి. లోపల దాచుకున్న ఫైళ్లన్నీ పోతాయి, అది తెలిసే చేయండి. యంత్రం మెనూలోకి వస్తుంది, కర్సర్ మొదటి పేరైన బేసిక్ (ప్రోగ్రాములు రాసే భాష) మీద నిలుస్తుంది. తెర ఖాళీగా ఉన్నా సరే, ఎంటర్ కొట్టి, గుడ్డిగా బీఈఈపీ అక్షరాలు టైప్ చేసి మళ్లీ ఎంటర్ కొట్టండి. కూత వినబడిందా, ప్రాసెసర్, రామ్, రోమ్, కీబోర్డు నాలుగూ పనిచేస్తున్నట్టే. ఒక్క కూతతో సగం బోర్డును అనుమానితుల జాబితాలోంచి తీసేయవచ్చు. మిగిలింది తెర, దానికి కావలసిన మైనస్ 5 వోల్టులు.

అడుగున నాలుగు స్క్రూలు తీస్తే పెట్టె పైచిప్ప, కిందిచిప్ప విడతాయి. పైచిప్పను గబుక్కున లాగకండి, తెర, కీబోర్డుల తీగలు రెండింటినీ కలిపే ఉంచుతాయి. మల్టీమీటర్ నల్ల తీగ గ్రౌండుకు పెట్టి చూస్తే పవర్ విభాగం నుంచి ప్లస్ 5, మైనస్ 5 రెండూ రావాలి. సెల్స్ ఇచ్చే 6 వోల్టుల నుంచి ఈ రెండింటినీ ఒకే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పుట్టిస్తుంది. ప్లస్ ఉండి మైనస్ లేకపోతే యంత్రం కూస్తుంది, తెర మాత్రం వెలవెలబోతుంది. రెండూ లేకపోతే ముందు సెల్స్ కూర్చునే రేకుల్ని, అక్కడి నుంచి వచ్చే తీగల్ని చూడాలి.

వోల్టేజీ తేడాగా ఉంటే మొదటి అనుమానం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాల) మీదే. అడుగున రబ్బరు బిరడా ఎండి, లోపలి ద్రవం కాళ్ల వెంబడి బోర్డు మీదకు దిగుతుంది. పైకి డబ్బా నిగనిగలాడుతూనే ఉంటుంది, కాళ్ల చుట్టూ సీసం మెరుపు తగ్గి బూడిదరంగుకు తిరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే చేపల కంపు వస్తే ఇంక సందేహం అక్కర్లేదు. ఒక్కటి కారిందంటే మిగతావీ అదే వయసువి, అన్నీ మార్చేయడమే మంచిది. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతకు తగ్గకూడదు, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. తీసేముందు ఫొటో తీసి పెట్టుకోండి.

రెండో దొంగ బోర్డుకే అతికించిన 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ. సెల్స్ మార్చేటప్పుడు మెమరీ చెరిగిపోకుండా కాపాడటం దాని పని. నలభై ఏళ్లకు అదే బోర్డును తినేస్తుంది. చుట్టూ ఆకుపచ్చ కిలుము కనిపిస్తే తీసేయండి. కారింది క్షారం, కాబట్టి వంటసోడా రుద్ది లాభం లేదు (కారు బ్యాటరీ అలవాటు ఇక్కడ పనికిరాదు). దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి అద్దాలి, తర్వాత నీళ్లతో, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. కిలుము కింద రాగి దారి తెగిందేమో మీటర్‌ను బీప్ మీద పెట్టి ఆ చివరా ఈ చివరా చూసుకోవాలి. తెగితే సన్నని తీగతో అతకాలి. కొత్తగా మూడు సెల్స్ నికెల్-మెటల్ హైడ్రైడ్ ప్యాక్ సరిపోతుంది. ఛార్జి కాని లిథియం బిళ్ల మాత్రం నేరుగా పెట్టవద్దు, బోర్డు దానికీ కరెంటు ఎక్కిస్తూనే ఉంటుంది.

తెర కొంతమేరే వస్తుంటే పోయిన భాగం ఆకారం చూడండి. తెరను పైన అయిదు, కింద అయిదు చొప్పున పది డ్రైవర్ చిప్పులు నడుపుతాయి. ఒక్కోటి 50 నిలువు చుక్కల వరుసలు చూసుకుంటుంది, ప్రతి సగంలో ఒకటి మాత్రం 40. పై సగంలో ఓ పలక మొత్తం మాయమైతే ఆ చిప్పు దగ్గర వెతకాలి, ఒక్క నిలువు గీతే పోతే ఏదో ఓ అతుకు ఊడినట్టు. కీబోర్డుకూ ఇదే తర్కం. ఒక్క మీట పలక్కపోతే ఆ మీట కిందే మురికి, ఒకేసారి నాలుగైదు మూగబోతే వాటిని కలిపే దారి తెగినట్టు.

అన్నీ కుదిరాక మెనూ అడుగున మిగిలిన బైట్ల సంఖ్య చదవండి. ఫైళ్లేమీ లేని, 32కే మెమరీ ఉన్న యంత్రంలో 29638 కనబడాలి. 21446 అని వస్తే సరిగ్గా 8192 తగ్గింది, అంటే 8కే మెమరీ మాడ్యూల్ ఒకటి పలకడం లేదు. దాన్ని సాకెట్లో సరిగా కూర్చోబెట్టి మళ్లీ చూడండి.