వాపును చూసి బలుపనుకోవద్దు: ఎన్‌ఎఫ్‌ఎల్ వారం ఫలితాల అంచనాపై అపోహలు - వాస్తవాలు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ నడిచే 18 వారాల్లోనూ సోమవారం ఉదయం నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలవుతాయి: “అన్నా, ఆ జట్టు గెలుస్తుందన్నావు కదా!” నేను ఏ జట్టు గురించీ గెలుస్తుందని చెప్పను, గెలిచే అవకాశం 70 శాతమనో, 58 శాతమనో చెబుతాను. వినేవారు అంకెను అక్కడే వదిలేసి ‘గెలుస్తుంది’ అన్న ముక్కను మాత్రం ఇంటికి పట్టుకుపోతారు.

ఈ ఆటల ఫలితాలను అంచనా వేసే మోడళ్లు తయారుచేయడం నా వృత్తి. నేనుండే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒకప్పుడు టచ్‌డౌన్ అంటే ఏమిటో పట్టించుకోని తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం భోజనాలు ఒంటిగంట ఆటకు ముందే ముగుస్తున్నాయి, ఆఫీసు పూల్‌లో, అంటే గెలిచే జట్లను ఊహించే పోటీలో, ఎవరికి ఎన్ని వచ్చాయన్న లెక్క వాట్సాప్‌లో నడుస్తోంది. సరదాగా ఉన్నంతకాలం నాకు పేచీ లేదు. అయితే 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు, మా న్యూజెర్సీ రాష్ట్రమే అప్పీలుకు వెళ్లిన కేసులో, క్రీడల పందేలపై ఉన్న కేంద్ర చట్టాన్ని కొట్టివేసిన తరువాత అవే సరదా కబుర్లు డబ్బుతో ముడిపడ్డాయి, అప్పటినుంచి అపోహలకు ఖరీదు పెరిగింది.

అపోహ: 70 శాతం అన్న జట్టు ఓడిపోతే అంచనా తప్పినట్టే.

వాస్తవం: నేను 70 శాతం అన్న ఆటలు పది ఉంటే అందులో సుమారు మూడు ఓడిపోవాలి. పదికి పది గెలిస్తే మురిసిపోయేవాడికి ఈ పని రాదు. ఒకటిరెండు వారాలైతే అదృష్టమనుకోవచ్చు కానీ సీజనంతా అలాగే జరిగితే ఆ జట్లను నేను తక్కువగా అంచనా వేశానని అర్థం, మోడల్‌ను సరిచేయవలసిందే. 2022 డిసెంబరు 17న ఇండియానాపొలిస్ కోల్ట్స్ సగం ఆట ముగిసేసరికి మిన్నెసోటా వైకింగ్స్‌పై 33-0 ఆధిక్యంలో ఉన్నప్పుడు, వైకింగ్స్ గెలిచే అవకాశం నా తెర మీద ఒక శాతం కూడా లేదు. నేను ల్యాప్‌టాప్ మూసి, మా అమ్మాయిని డ్యాన్స్ క్లాసు నుంచి తీసుకురావడానికి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి ఓవర్‌టైమ్‌లో వైకింగ్స్ 39-36తో గెలిచారు. లీగ్ చరిత్రలో అంతకు మించిన లోటును పూడ్చి గెలిచిన జట్టు లేదు. అలాంటి ఒక్క శాతాలు ఏళ్లకొకసారి నిజమవుతుంటేనే ఆ అంకె నిజాయితీగా ఉన్నట్టు.

ఇక అసలు విషయానికి వస్తాను. మిగతావన్నీ కలిపి చేసే నష్టంకన్నా ఎక్కువ నష్టం చేసేది, నా చుట్టూ ఉన్నవాళ్లచేత నా కళ్లముందే డబ్బు కట్టించినది, ఈ కింది అపోహ.

అపోహ: వరుసగా ఇన్ని వారాలు సరిగ్గా చెప్పాడంటే అతనికి ఏదో తెలిసే ఉంటుంది.

వాస్తవం: వారానికి ఉండేవి ఎక్కువలో ఎక్కువ 16 ఆటలు, కొన్ని జట్లకు సెలవున్న వారాల్లో అంతకన్నా తక్కువ. ఎవరు గెలుస్తారో మాత్రమే చెప్పాలంటే, ప్రతి ఆటలోనూ ఫేవరెట్‌ను, అంటే గెలుస్తుందని ఎక్కువమంది అనుకునే జట్టును, గుడ్డిగా ఎంచుకున్నా దీర్ఘకాలంలో దాదాపు మూడింట రెండు వంతులు సరిపోతాయి. ఒక్కో ఆటకు 65 శాతం నైపుణ్యం ఉన్నవాడికి ఒక వారంలో సగటున పదో పదకొండో సరిపోతాయి. అదే మనిషికి ఒక వారం ఎనిమిది, మరో వారం పదమూడు రావడంలో వింత లేదు, అతని తెలివి పెరగనూ లేదు, తరగనూ లేదు. అతనికి పదహారుకు పదహారూ రావాలంటే వెయ్యి వారాలకు ఒకసారి వస్తాయి. ఇప్పుడు ఒక్కో ఆటకు 60 శాతమే సామర్థ్యం ఉన్న 60 మందిని ఒక పూల్‌లో కూర్చోబెట్టి, ఎవరికి వారుగా ఎంచుకోమందాం. 14 లేదా అంతకు పైన తెచ్చుకునే అవకాశం ఒక్కొక్కరికి రెండు శాతంలోపే. అయినా ఆ అరవైమందిలో కనీసం ఒకరికి అన్ని రావడానికి మూడింట రెండు వంతుల అవకాశం ఉంది. అంటే చాలా వారాల్లో ఎవరో ఒకరు పండితుడిలా కనబడి తీరతారు. ఆ ఒక్కరు ఎవరన్నది చీటీ తీసినట్టే తేలుతుంది, కానీ సోమవారం ఆఫీసులో కాఫీ దగ్గర అందరూ ఆయన చుట్టూ చేరతారు. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఇదే.

సరైన ఫలితం సరైన ఆలోచనకు రుజువు కూడా కాదు. 2023 సెప్టెంబరు 11, సోమవారం రాత్రి మెట్‌లైఫ్ స్టేడియంలో న్యూయార్క్ జెట్స్ బఫలో బిల్స్‌తో ఆడారు. మా పూల్‌లో ఒకాయన జెట్స్‌ను ఎంచుకోవడానికి ఒకే ఒక్క కారణం, కొత్తగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరి జట్టు దాడిని నడిపించేవాడు) ఆరన్ రాజర్స్. ఆ రాజర్స్ బంతి నాలుగోసారి చేతికందగానే మడమ వెనక స్నాయువు తెగి మైదానం వీడాడు, సీజన్ మొత్తానికే దూరమయ్యాడు. అయినా ఓవర్‌టైమ్‌లో జేవియర్ గిప్సన్ ప్రత్యర్థి తన్నిన బంతిని (పంట్) అందుకుని 65 గజాలు పరుగెత్తడంతో జెట్స్ 22-16తో గెలిచారు. మరుసటి రోజు పట్టికలో ఆ పెద్దమనిషి పేరు ఎదుట ఒక మార్కు పడింది. ఆయన చెప్పిన కారణం ఆట మొదలైన కాసేపటికే పోయింది. మార్కు మాత్రం ఆయన తెలివి ఖాతాలోకి చేరింది, ఆయన కూడా అలాగే నమ్మాడు.

ఈ నమ్మకం మీదే వ్యాపారం నడుస్తుంది. మా చెల్లెలి తోటికోడలి కొడుకు ఎమ్మెస్ చదవడానికి వచ్చి, కిందటి సీజన్‌లో ఒక టెలిగ్రామ్ ఛానెల్‌కు వారానికి 150 డాలర్ల చొప్పున నాలుగు వారాలు కట్టాడు. అది కాక ఆ సలహాలపై పెట్టిన పందెం డబ్బు వేరు. “మావయ్యా, ఆరు వారాలు ఒక్కటి కూడా తప్పలేదు, నేనే రోజూ చూశాను” అన్నాడు. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. వాణ్ణి తిట్టలేదు. మా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ ఛానెల్‌ను ల్యాప్‌టాప్‌లో తెరిపించి, పోస్టులను మొదటి నుంచీ ఒక్కొక్కటిగా చూపించమన్నాను. మూడో వారం పోస్టు లేనే లేదు. రెండో వారం పోస్టు కింద సమయం పక్కన ‘ఎడిటెడ్’ అని చిన్న అక్షరాలున్నాయి. దాని మీద మౌస్ పెడితే మార్చిన సమయం ఆదివారం రాత్రి 7:40 అని వచ్చింది. అందులో చెప్పిన ఆటలు మొదలైనది మధ్యాహ్నం ఒంటిగంటకు. మూడున్నర గంటల క్రితం ముగిసిన ఆటకు ఆ మహానుభావుడు జోస్యం చెప్పాడు. కుర్రాడు ఆ అంకెను చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

పోస్టులు మార్చే శ్రమ కూడా అక్కరలేని పద్ధతి ఇంకొకటుంది, అది బహు పాతది. 6,400 మందికి సందేశం పంపుతారు: సగం మందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగతా సగానికి రెండో జట్టని. ఫలితం వచ్చాక తప్పు సందేశం అందుకున్న సగాన్ని వదిలేసి మిగిలిన 3,200 మందితో మళ్లీ అదే పని చేస్తారు. ఆరు వారాలు గడిచేసరికి సరిగ్గా వందమంది మిగులుతారు; వాళ్ల దృష్టిలో ఆ మనిషి ఆరుకు ఆరు చెప్పిన ద్రష్ట. ఏడో వారం ఆ వందమందినే డబ్బడుగుతారు. ఎవరినీ కొత్తగా నమ్మించనక్కరలేదు, వాళ్లు కళ్లారా చూశారు కాబట్టి తమను తామే నమ్మించుకున్నారు. చిలక జోస్యం చెప్పేవాడి దగ్గర కనీసం చిలకైనా నిజంగా ఉంటుంది.

మరి నిజమైన నైపుణ్యాన్ని ఎలా గుర్తించాలి? పాయింట్ స్ప్రెడ్ మీద, అంటే ఎన్ని పాయింట్ల తేడా ఉంటుందన్న పందెం మీద, మామూలుగా 110 డాలర్లు పెడితే గెలిచినప్పుడు వచ్చే లాభం 100. ఈ లెక్కన నష్టం లేకుండా బయటపడాలంటేనే 52.4 శాతం సరిపోవాలి. ఒకడు నిజంగా 55 శాతం చెప్పగలడా, లేక బొమ్మా బొరుసూ వేస్తున్నాడా అన్నది ఓ మోస్తరు నమ్మకంతో తేల్చడానికి దాదాపు 400 పందేల రికార్డు కావాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ రెగ్యులర్ సీజన్ మొత్తంలో ఉన్నవి 272 ఆటలు. ప్రతి ఆటకూ ముందుగా, తేదీతో సహా, మార్చడానికి వీల్లేని చోట రాసిపెట్టినా ఒక సీజన్ చాలదన్నమాట. ఆరు వారాల స్క్రీన్‌షాట్‌తో వచ్చిన మనిషికి ఏమని జవాబు చెప్పాలో మీరే చూసుకోండి. మేము మాత్రం ఒకరినొకరం ‘ఎన్ని సరిపోయాయి’ అని అడగం; వాతావరణ అంచనాలను బేరీజు వేయడానికి గ్లెన్ బ్రయర్ 1950లో సూచించిన కొలతనే వాడుకుంటాం. 70 శాతం అన్న జట్టు గెలిస్తే 0.3 వర్గం, అంటే 0.09 తప్పు, ఓడితే 0.7 వర్గం, 0.49 తప్పు. ధీమాగా చెప్పి తప్పినవాడికి శిక్ష ఎక్కువ పడుతుంది, నిజంగా తెలియనప్పుడు 52 శాతమని ఒప్పుకున్నవాడికి గౌరవం దక్కుతుంది. గ్యారంటీ అనేవాళ్లు ఈ కొలత దరిదాపులకు రారు.

పోయిన డబ్బును వచ్చే ఆదివారమే రాబట్టాలన్న ఆరాటంలో పార్లేల వైపు, అంటే అన్నీ సరిపోతేనే డబ్బిచ్చే కలగలుపు పందేల వైపు, చూసేవారు ఇంకొక లెక్క చూడండి. సగం సగం అవకాశమున్న నాలుగు ఆటలు కలిపి 100 డాలర్లు పెడితే న్యాయంగా రావలసింది 1,600. అవే పందేలు విడివిడిగా ఇచ్చే రేట్లను గుణిస్తే వచ్చేది సుమారు 1,328. ఒక్క ఆటపై నాలుగున్నర శాతంగా ఉన్న కంపెనీ వాటా ఇక్కడ 17 శాతమవుతుంది. ఇదంతా చదివాక కూడా రాత్రి నిద్ర పట్టనంతగా చిక్కుకున్నవారుంటే సిగ్గుపడవలసిన పని లేదు, 1-800-గ్యాంబ్లర్ నంబరుకు ఫోన్ చేయండి. మా కుర్రాడిచేత నేనే చేయించాను.

మిగిలినవి త్వరగా ముగిస్తాను.

‘వరుసగా ఓడుతున్నారు, ఈసారి గెలవక తప్పదు’ అనేవారు 2008లో డెట్రాయిట్ లయన్స్‌ను, 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను తలచుకోవాలి. రెండు జట్లూ 16కు 16 ఓడాయి, అన్ని వారాలూ ఎవరో ఒకరు ‘ఈసారి తప్పదు’ అంటూనే ఉన్నారు. బంతికి కిందటి వారం గుర్తుండదు.

‘గెలుపోటముల పట్టిక చూస్తే చాలు’ అన్నది అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, అయినా పాయింట్ల తేడా అంతకన్నా ఎక్కువ చెబుతుంది. పైన చెప్పిన వైకింగ్స్‌నే తీసుకోండి. ఆ 2022 సీజన్‌లో వాళ్లు 13 గెలిచి 4 ఓడారు, కానీ మొత్తం మీద సాధించిన పాయింట్లకన్నా ఇచ్చినవే మూడు ఎక్కువ. ఎనిమిది పాయింట్లు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ముగిసిన 11 ఆటలూ వాళ్లే గెలిచారు. అలాంటి ఆటల్లో ఫలితం తరచూ కిందపడిన బంతి ఎటు దొర్లిందన్న దాని మీద ఆధారపడుతుంది, కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతి ఎటు దొర్లుతుందో కోచ్‌కూ తెలియదు. ప్లేఆఫ్ మొదటి ఆటలోనే న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 31-24తో ఇంటికి వెళ్లారు.

సొంత మైదానం అంటే మూడు పాయింట్లు కలుపుకోవడం పాత అలవాటు. అది ఇప్పుడు రెండుకు అటూ ఇటూగా ఉంది. స్టేడియంలు ఖాళీగా, దాదాపు ఖాళీగా నడిచిన 2020లో సొంత మైదానంలో ఆడిన జట్లు సగం ఆటలు కూడా గెలవలేదు. గాయాల సంగతికొస్తే, క్వార్టర్‌బ్యాక్ లేకపోతే నేను చాలా పాయింట్లు తగ్గిస్తాను, ఇతర ఆటగాళ్లలో ఒక్కరు లేనంతమాత్రాన సాధారణంగా అంకె కదలదు. ‘అంతా ముందే రాసిపెట్టిన స్క్రిప్టు’ అనేవారితో నేను వాదించడం మానేశాను. స్క్రిప్టు ఉందని అంత నమ్మకమున్నవారు కూడా పందెంలో ఎందుకు ఓడుతున్నారో వారే ఆలోచించుకోవాలి.

చివరిగా వాతావరణం. వానకూ మంచుకూ జనం భయపడినంత ప్రభావం లేదు, గాలికి ఉంది. 2021 డిసెంబరు 6న ఆర్చర్డ్ పార్క్‌లో గాలి ఎంత బలంగా వీచిందంటే, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆట మొత్తంలో మూడంటే మూడు పాసులు విసిరి, మిగతాదంతా బంతి పట్టుకుని పరుగెత్తి, బఫలోను 14-10తో ఓడించారు. గాలి సంగతి ముందురోజే తెలుసు కాబట్టి మొత్తం పాయింట్లు తక్కువగా ఉంటాయన్న నా అంచనా సరిపోయింది. గెలిచే జట్టు విషయంలో మాత్రం నేను బఫలోకు 55 శాతం ఇచ్చాను. మరుసటి ఉదయం ఏడు గంటలకే ఫోన్ మోగింది.