మెట్లు ఎక్కినందుకు కాదు

గర్భం పోయిన స్త్రీ ముందుగా తన తప్పులే లెక్కపెట్టుకుంటుంది. ఆ రోజు మెట్లు ఎక్కాను, బరువు ఎత్తాను, కోపంలో గట్టిగా అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు ఆ లెక్కను సరిదిద్దకపోగా ఇంకో రెండు కలుపుతారు. 2015లో అమెరికాలో వెలువడిన ఒక సర్వేలో, గర్భస్రావానికి ఒత్తిడి కలిగించే సంఘటనే కారణం కావచ్చని 76 శాతం మంది, బరువులు ఎత్తడం కారణం కావచ్చని 64 శాతం మంది అన్నారు. సగం మందికి పైగా దాన్ని అరుదైన విషయమనుకున్నారు. నిజానికి నిర్ధారణ అయిన గర్భాల్లో దాదాపు 15 శాతం అలాగే ముగుస్తాయి.

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లెక్క తప్పడం. ఆ పొరపాటు ఎక్కువగా అండంలోనే జరుగుతుంది. స్త్రీ తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారై, విభజన మొదలుపెట్టి, సగంలో ఆగిపోతాయి. ఒక్కో అండం విడుదలయ్యే నెలలోనే ఆగిన పని మళ్లీ మొదలవుతుంది. ఈ ఎడం ఇరవై ఏళ్లు కావచ్చు, నలభై ఏళ్లూ కావచ్చు. అన్నాళ్లూ క్రోమోజోములను కలిపి ఉంచేది కొహెసిన్ అనే ప్రోటీను. అది చిన్న ఉంగరంలా వాటిని చుట్టి పట్టుకుంటుంది. వయసుతో పాటు ఆ పట్టు సడలుతుంది. తీరా విడిపోయే వేళకు ఒక క్రోమోజోము దారి తప్పి రెండోదాని వెంట వెళ్లిపోతుంది. అలా 16వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉన్న పిండాలు గర్భస్రావాల్లో తరచుగా కనిపిస్తాయి. నార్వేలో నాలుగు లక్షలకు పైగా గర్భాలను పరిశీలిస్తే, 25-29 ఏళ్లవారిలో 10 శాతం, 45 దాటినవారిలో 53 శాతం గర్భస్రావాలు తేలాయి. మెట్లకు ఇందులో పాత్ర లేదు.

అలాగని జీవనశైలికి ప్రమేయమే లేదనలేం. పొగాకు సంగతి చూడండి. గర్భిణి పొగ తాగితే ముప్పు సుమారు 23 శాతం పెరుగుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. పత్రికల్లో ఈ అంకె చూస్తే గుండె జారుతుంది. వందలో 15 మందికి జరిగేది 18 మందికి జరుగుతుందని దాని అర్థం. కొట్టిపారేయాల్సిన తేడా కాదు, ఒక్క సిగరెట్టుతో గర్భం పోయిందని తీర్పు చెప్పగలిగే తేడా కూడా కాదు. పక్కవాళ్లు వదిలిన పొగ పీల్చినా ముప్పు కొంత పెరుగుతుంది. మద్యం విషయంలో, ఇంతవరకు పరవాలేదని చెప్పగలిగే పరిమాణమంటూ లేదు.

కాఫీ కథ కొంచెం చిక్కుముడి. ఎక్కువ తాగేవారిలో గర్భస్రావాలు ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. కానీ వేవిళ్లు బలంగా ఉన్నవారికి కాఫీ వాసనే పడదు. వేవిళ్లు ఎక్కువగా ఉన్నవారిలో గర్భం నిలిచే అవకాశం కూడా ఎక్కువ. మరి హాయిగా మూడు కప్పులు తాగగలిగిన గర్భిణికి కాఫీ హాని చేసిందా, లేక గర్భం అప్పటికే బలహీనపడి వికారం తగ్గడం వల్ల తాగగలిగిందా? అధ్యయనాలకు దీన్ని విడదీయడం కష్టం. అందుకే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కాఫీ మానేయమని కాకుండా, రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ లోపు ఉంచుకోమంటుంది.

నాకు చికాకు కలిగించే సంగతి ఒకటుంది. సలహాలన్నీ ఆమె నోటి మీదా కాళ్ల మీదా కాపలా కాస్తాయి, ఆమె చుట్టూ ఉన్నదాని జోలికి మాత్రం పోవు. డెన్మార్క్‌లో 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఎనిమిదో వారం దాటాక ఒకే వారంలో రెండు అంతకు మించి రాత్రి డ్యూటీలు చేసినవారికి తరువాతి వారం ముప్పు 32 శాతం ఎక్కువ. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 34 వేలకు పైగా స్త్రీల వివరాలను విశ్లేషించిన 2021 నాటి అధ్యయనంలో, గాలిలోని సూక్ష్మ ధూళి ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే గర్భం పోయే అవకాశం 3 శాతం పెరిగినట్టు కనబడింది. సీసం, కొన్ని ద్రావణులు, ఆపరేషన్ గదుల్లో సరిగా బయటికి పోని మత్తు వాయువులు కూడా ఈ జాబితాలోవే. డ్యూటీ చార్టు వేసేది ఆమె కాదు, గాలి గొట్టాలు బిగించేదీ ఆమె కాదు.

తండ్రినీ ఎవరూ అడగరు. శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. కనుక అతను సిగరెట్టు మానాల్సింది ఆమె నెల తప్పాక కాదు, అంతకు మూడు నెలల ముందే.

ఇక మంచం దిగవద్దనే సలహా. పడుకుని ఉంటే గర్భం నిలుస్తుందనడానికి ఆధారం దొరకలేదు. పైగా వారాల తరబడి కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు మూడు సార్లు గర్భం పోయినప్పుడు మాత్రం థైరాయిడ్, గర్భాశయ నిర్మాణం, రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకాలు పరీక్షించాలి. ఆ ప్రతిరక్షకాలు ఉన్నట్టు తేలితే వైద్యులు తక్కువ మోతాదు ఆస్పిరిన్‌తో పాటు, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ చికిత్సతో చాలామందికి తరువాతి గర్భం నిలుస్తుంది.